చలికాలపు వాలుగ

పుష్యమాసములో తెల్లవారుజామున మన చందాపుర కూడలిలో నిలిచినవారికి ఇక్కడి చలి యెట్టిదో చెప్పనక్కరలేదు. బెంగుళూరు మన కోస్తా జిల్లాల వంటిది కాదు. 1884 జనవరి 13వ తేదీన ఈ నగరములో ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలకు దిగినట్లు లెక్క కలదు. అంతటి చలి మరల రాలేదు గాని, హోసూరు రోడ్డుపై మంచు కప్పియున్న వేళ శాలువ లేకుండ బయటికి వచ్చుట నావంటి వయసు మళ్ళినవారికి సాహసమే.

అట్టి యొక ఆదివారము ఉదయమున మనుమని వెంటబెట్టుకొని చేపల కొట్టుకు పోయితిని. మంచుగడ్డల మీద బారెడు పొడవుగల చేప యొకటి పడియుండెను. పొలుసు లేని వెండి వంటి మేను, కంటి వెనుక దాక చీలిన నోరు, రెండు పొడుగాటి మీసములు. నా ముందు నిలిచిన తమిళ గృహిణి దానిని ‘వాళై’ అని పిలిచి బేరమాడుచుండెను. కొట్టువాడు కన్నడమున ‘బాళె మీను’ అని తూచుచుండెను. మా మనుమడు నా చేయి లాగి, “తాతయ్యా, ఇదేం చేప?” అని అడిగెను.

“వాలుగ రా,” అంటిని.

“వాలుగ అంటే?”

వానికి ‘క్యాట్‌ఫిష్’ అను మాట తెలియును. వాలుగ తెలియదు. ఆ చలిలో కొట్టు ముందు నిలుచుండి ఏమి చెప్పుదును? “ఇంటికి పోయాక చెబుతాలే” అని తప్పించుకొంటిని. ఈ వ్యాసము ఆ పిల్లవానికి ఆలస్యముగా చెప్పుచున్న జవాబు. శాకాహారులైన పాఠకులు మన్నింతురు గాక. ఇందులో చేప కలదు గాని కూర లేదు.

మన నదులలో మీసముల చేపలన్నిటికిని కలిపి జెల్లలు అని పేరు. వాటిలో వాలుగకు ప్రత్యేకమైన స్థానము కలదు. గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి, గంగ, ఇట్లు మన దేశములోని పెద్ద నదులన్నిటిలోను అది కలదు. ఆరడుగులు దాటి పెరుగగల జాతి. అది పూర్తిగా మాంసాహారి. పగలు ఒడ్డుక్రింది గుంటలలోను, మునిగిన చెట్ల మొదళ్ళలోను దాగియుండి, చీకటి పడిన తరువాత చిన్న చేపల మీద పడును. ఇంగ్లీషు వేటగాండ్రు దీనికి ‘మంచినీటి సొర’ అని పేరు పెట్టిరి. నోట పండ్లవరుసలు చూచినవారెవరును ఆ పేరు తప్పనరు.

నా చిన్ననాటి ఊరు గోదావరి ఒడ్డున ఉన్నది. అక్కడి రేవులో ఒక ముసలి పల్లెకారు ఉండెడివాడు. ఊరిలో పిల్లలందరము ఆయనను ‘తాతా’ అనియే పిలిచెడివారము. బడికి సంక్రాంతి సెలవులిచ్చిన దినములలో ఆయన నావ చుట్టు తిరుగుటయే మాకు పని. చలికాలములో పెద్ద వాలుగను పట్టు విద్యను నేను చూచినది ఆయన వద్దనే.

వరదలు తగ్గి, కార్తికములో నీరు తేరి, మార్గశిర పుష్యములకు లంకల ఇసుక తిన్నెలు బయటపడును. ఆషాఢ శ్రావణములలో ఒడ్డులు ఒరసికొని పారిన గోదావరి అప్పుడు పాయలుగా చీలి, నడుమ నడుమ లోతైన మడుగులుగా నిలుచును. పెద్ద చేపలన్నియు ఆ మడుగులకు చేరును. తాత సాయంకాలము నావపై పోయి, పొడవైన తాటికి జానెడు జానెడు గాలపుదారములు కట్టి, చిన్న చేపలనో కప్పలనో ఎరగా గ్రుచ్చి, రాళ్ళ బరువుతో ఆ తాటిని మడుగు అడుగునకు దించెడివాడు. వాలుగ పండ్లకు నూలుదారము ఆగదు గనుక గాలము దగ్గర సన్నని తీగ చుట్టెడివాడు. తెల్లవారిన తరువాత, మంచు విడిచి ఎండపొడ నీటిమీద పడినపుడు, తాడు లాగెడివాడు.

“తాతా, వానాకాలంలో పైపైనే దొరుకుతాయిగా, ఇంత లోతుకెందుకు?” అని ఒకనాడు అడిగితిని.

“చలిలో వాలుగ లేచి రాదు బాబూ. మనమే దాని గుమ్మంలోకి పోయి పెట్టాలి,” అనెను.

ఆ మాటలోని శాస్త్రము నాకు చాల యేండ్లకు గాని బోధపడలేదు. చేప వంటి ప్రాణికి సొంత వేడిమి లేదు. నీరు చల్లబడిన కొలది దాని ఒడలు చల్లబడును, జీర్ణశక్తి మందగించును, ఆకలి తగ్గును. కావున అది ఎర కొరకు దూరము పోదు. లోతు నీటిలో వేడిమి త్వరగా మారదు గనుక మడుగు అడుగున చేరి కదలక పడియుండును. వరద దినములలో తిన్న తిండితో కొవ్వెక్కియుండును. వెదకుట కష్టము, దొరికినచో లాభము: ఇదియే చలికాలపు వేట సూత్రము.

ఇది మన గోదావరికే పరిమితమైన సంగతి కాదు. ఐరోపా ఖండములోని డాన్యూబు మొదలగు నదులలో ‘వెల్స్’ అను మహాకాయపు జెల్ల కలదు. అది శీతకాలములో గుంపులుగా లోతు గుండములలో చేరి, దాదాపు మేత మాని పడియుండును. అమెరికాలోని మిసిసిపి నదిలో ‘బ్లూ క్యాట్‌ఫిష్’ అను జాతి మాత్రము చలిలో కూడ మేత మానదు. అందుచేత అక్కడివారు చలికోటులు తొడిగికొని దానికొరకు పడవలలో పోవుదురు. మన సంఘములో పిల్లలు అమెరికాలో నున్న కుటుంబములు పెక్కు గలవు. ఈ మారు వారు టెలిఫోనులో చలి సంగతి చెప్పినపుడు, అక్కడి జెల్లల సంగతి కూడ అడిగి చూడవచ్చును.

తాత వద్ద నేను నేర్చిన రెండవ పాఠము ఇంతకంటె పెద్దది. ఆషాఢములో తొలివరద పొలములమీదికి ఎక్కినపుడు, గ్రుడ్లతో నిండిన వాలుగలు లోతు విడిచి పల్లపు నీటిలోనికి వచ్చును. మోకాలి లోతు నీటిలో వాటి వీపులు కనబడును. ఊరివారు కర్రలు, బరిసెలు పట్టుకొని పరుగెత్తుదురు. అంత సులభమైన వేట సంవత్సరమంతటిలో మరియొకటి లేదు. తాత మాత్రము ఆ నాలుగు దినములు నావకు కీలు పూయుచు ఒడ్డున కూర్చుండెడివాడు. నవ్వినవారితో, “ఇప్పుడు కొడితే పుష్యంలో ఎవరిని పట్టాలి?” అనెడివాడు.

సులభముగా దొరకు కాలములో విడిచిపెట్టుట, కష్టముగా దొరకు కాలములో పట్టుట. చదువురాని ఆ పల్లెకారు ఈ నియమమును ఎక్కడ నేర్చెను? తండ్రివద్ద నేర్చియుండును. ఆ తండ్రి తన తండ్రివద్ద. ఆ పరంపరకు వ్రాత లేదు. అయినను వ్రాతలో దాని పోలికలు లేకపోలేదు. వాటిని వెదకినచో మనము క్రీస్తు పూర్వపు మూడవ శతాబ్దము వరకు పోవలెను.

అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమైన ఇరువదియారవ యేట వేయించిన అయిదవ స్తంభశాసనములో ప్రాణిరక్షణను గూర్చిన ఆజ్ఞలు కలవు. మూడు చాతుర్మాస్య పూర్ణిమలయందును, తిష్య పూర్ణిమయందును, చతుర్దశి, పూర్ణిమ, మరునాటి పాడ్యమి, ఈ మూడేసి దినములు చేపలను చంపరాదు, అమ్మరాదు అని అందు కలదు. తిష్య యనగా పుష్యము. అనగా నడిచలికాలము. ఆ దినములలో పట్టవద్దని రాజు చెప్పవలసి వచ్చినదనగా, తక్కిన దినములలో చలికాలపు వేట బాగుగనే సాగుచుండెనని అర్థము. అమ్మరాదని కూడ చెప్పుటచేత, చేపల అంగడి కూడ నాటికే కుదురుకొని యుండెనని తెలియుచున్నది.

తరువాతి సాక్ష్యము మనమిప్పుడున్న కర్ణాటక దేశమునకు చెందినది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు క్రీ. శ. 1126 ప్రాంతమున సింహాసనమెక్కెను. ఆయన రాజధాని నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మన వేంగిదేశము కూడ ఆ కాలమున కొన్నాళ్ళు ఆ వంశము వారి యేలుబడిలో నుండెను. ఆయన సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’ రాజుల వినోదములను, విద్యలను వివరించు మహాగ్రంథము. అందులో ‘మత్స్యవినోదము’ అను ప్రకరణము గాలపు వేటను గూర్చినది. ఏ చేప ఏ నీటిలో నుండును, ఏ చేపకు ఏ ఎర పెట్టవలెను, గాలపు దారమును ఏ నారతో పేనవలెను, కర్ర యెట్లుండవలెను అను విషయములను రాజు శ్రద్ధగా వివరించెను. పొలుసుగల చేపలు వేరు, తోలు చేపలు వేరు అని విభజించెను. మన వాలుగ ఆ తోలు చేపల వర్గములోనిదే.

ఎనిమిది వందల యేండ్లు ఆ ప్రకరణము పండితుల అటకలమీద నుండెను. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ శాఖకు అధిపతిగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దానిపై వ్యాసము వ్రాసి, అందులోని చేపలను నేటి పేర్లతో పోల్చి చూపెను. అశోకుని శాసనమును చేపల దృష్టితో చదివినవాడును ఆయనయే. ప్రాచీనులు వ్రాసినది కట్టుకథ కాదనియు, నీటియొడ్డున నిలిచి చూచినవారి జ్ఞానమనియు ఆయన అభిప్రాయము.

ఇక మన వాలుగ పేరు కథకు వత్తము. ఇది విశాఖపట్టణములో మొదలగును.

స్కాట్లండు దేశస్థుడగు పాట్రిక్ రస్సెల్ వైద్యుడు. అలెప్పో నగరములో చాలకాలము వైద్యము చేసి, అన్నగారితో కలిసి వచ్చినట్లు గాక, తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ ఉద్యోగముపై విశాఖపట్టణమునకు వచ్చినపుడు ఆయనకు తోడుగా వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను తన ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించెను. పాములను గూర్చి ఆయన చేసిన పరిశోధన లోకప్రసిద్ధము. మన రక్తపింజరను ఇంగ్లీషువారు నేటికిని రస్సెల్ పేరుతోనే పిలుచుచున్నారు. ఆయన మాత్రము ఆ పామును మనవారి మాటతో ‘కాటుకరేకుల పొడ’ అని వ్రాసికొనెను. స్థానికులు చెప్పిన పేరును కొట్టివేయక వ్రాసికొనుట ఆయన గుణము.

ఆ గుణమే చేపల విషయములోను అక్కరకు వచ్చెను. విశాఖపట్టణపు రేవున పల్లెకారులు తెచ్చిన చేపలను ఆయన తెప్పించుకొని, ఈ దేశపు చిత్రకారుని చేత బొమ్మలు వేయించి, ఒక్కొక్కదాని ప్రక్కను తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. ఆ బొమ్మలు రెండు సంపుటములుగా, రెండువందల చేపల వర్ణనతో, 1803లో లండనులో అచ్చయ్యెను. విశాఖపట్టణము పేరు ఆ గ్రంథనామములోనే కలదు. అందులో ‘వల్లగూ’ అని యున్నదే మన వాలుగ. గ్రంథమచ్చయిన రెండేండ్లకు, 1805లో, రస్సెల్ మరణించెను.

ఇంతకు రెండేండ్లు ముందే, 1801లో, బెర్లినులో అచ్చయిన మరియొక గ్రంథములో ఈ చేపకు లాటిను పద్ధతిలో ‘సిలూరస్ అట్టు’ అని పేరు పెట్టబడినది. దాని కర్త మార్కస్ బ్లాక్ కూడ వైద్యుడే. గ్రంథము ముగియకుండగనే ఆయన 1799లో గతించగా, ష్నైడర్ అను పండితుడు దానిని పూర్తిచేసెను. ఆ ‘అట్టు’ అను మాట తమిళుల వాడుకలోని ‘ఆత్తు’, అనగా ‘ఏటి’, అను మాటను తలపించును.

తరువాత హాలెండు దేశస్థుడగు పీటర్ బ్లీకర్. ఈయనయు వైద్యుడే. డచ్చి సైన్యములో వైద్యుడుగా జావాద్వీపమున బటావియాలో, అనగా నేటి జకార్తాలో, చాల యేండ్లుండెను. తూర్పు ద్వీపముల చేపలను పరిశీలించుచు, ఈ జాతికి ఒక ప్రత్యేకమైన కుటుంబనామము కావలెనని 1851లో ‘వల్లాగో’ అను పేరు నిర్ణయించెను. రస్సెల్ వ్రాసికొన్న తెలుగు మాటయే అది. ఈనాడు ప్రపంచములో ఏ విశ్వవిద్యాలయమునకు పోయినను ఈ చేప శాస్త్రనామము ‘వల్లాగో అట్టు’. ఇంటిపేరు తెలుగు, రెండవ పేరు చెవికి తమిళము. విశాఖ రేవులో పుట్టిన మాట లండనులో అచ్చెక్కి, జావాలో నామకరణము పొంది, లోకమంతట నిలిచెను. వలస పోయిన తెలుగువారిలో ఇంతటి కీర్తి గడించినవారు ఎందరు?

ఈ కథలో మన బెంగుళూరుకు కూడ ఒక ముడి కలదు. టిప్పు సుల్తాను పతనమైన మరుసటి యేడు, 1800లో, కంపెనీవారి ఆజ్ఞపై మైసూరు దేశమంతయు తిరిగి చూచుటకు ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు మద్రాసునుండి బయలుదేరి బెంగుళూరు మీదుగా శ్రీరంగపట్టణమునకు పోయెను. ఆయన యాత్రాగ్రంథము 1807లో వెలువడెను. మైసూరు చరిత్ర వ్రాయువారందరు దానిని చదువుదురు. ఆయనయే తరువాత హామిల్టన్ అను ఇంటిపేరు గ్రహించి, 1822లో గంగానది చేపలను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. వంగదేశీయులు వాలుగను ‘బోయాల్’ అందురు. ఆయన ఆ మాటతో ‘బోయాలిస్’ అని పేరు పెట్టెను. కాని శాస్త్రములో ముందు పెట్టిన పేరుకే పట్టము గనుక అది నిలువలేదు. మైసూరు తిరిగినవాని పేరు ఓడినది, విశాఖ పల్లెకారుల మాట గెలిచినది!

ఆ పరంపరలో నెల్లూరున ప్రభుత్వ వైద్యుడుగా నుండిన జెర్డన్ దక్షిణ దేశపు మంచినీటి చేపలను గూర్చి 1849లో వ్రాసెను. మద్రాసు సైన్యములో వైద్యుడుగా నుండి చేపల శాఖకు అధిపతియైన ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా దేశముల మంచినీటి చేపలపై నివేదిక సమర్పించెను. జిల్లాల అధికారులను ప్రశ్నలడిగి తెలిసికొని, గ్రుడ్లు పెట్టు కాలములో తల్లిచేపలను చంపుచున్నారనియు, సన్నకన్నుల వలలతో పిల్లచేపలను కూడ ఊడ్చుచున్నారనియు, ఆనకట్టలు చేపల దారికి అడ్డు నిలుచుచున్నవనియు ఆయన హెచ్చరించెను. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టము నీటిలో మందుగుండు పేల్చుటను, విషము కలుపుటను నేరముగా నిర్ణయించెను.

ఇప్పుడు పాఠకులు ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. రస్సెల్ మొదలు డే వరకు అందరును మనవారినుండి చేపల పేర్లు తీసికొనిరి. బొమ్మలు వేసిన చిత్రకారుని పేరు గాని, పేర్లు చెప్పిన పల్లెకారుల పేర్లు గాని చరిత్రకెక్కలేదు. అది యొక అన్యాయము. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. వాలుగ అను మాట గ్రంథమునకెక్కినది గాని, ‘ఆషాఢములో కొట్టరాదు, పుష్యములో పట్టవలెను’ అను నియమము ఆ మాటతో ప్రయాణము చేయలేదు. పేరును పుస్తకము మోసికొనిపోయెను. ఋతువు రేవులోనే మిగిలిపోయెను. రస్సెల్ వినియుంచుకొన్న మాటకు రెండువందల యేండ్లు దాటిన ఆయువు వచ్చినది. మా తాత చెప్పిన మాటకు ఆయన నావ ఉన్నంతవరకే ఆయువు.

ఆ రేవుల గతి యేమైనదో కూడ చెప్పుకొనవలెను. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. అది డెల్టాకు అన్నము పెట్టినది; అందుకు మనము కృతజ్ఞులము. కాని సముద్రమునుండి వరదకు ఎదురీది వచ్చు పులసకు అది అడ్డుగోడ అయినది. పుస్తెలమ్మియైనా పులస తినవలెనను సామెత నేడు ధర వినినప్పుడు మరింత నిజమనిపించుచున్నది. వాలుగ సముద్రమునకు పోవు చేప కాదు గనుక ఆనకట్టకు అంతగా లొంగలేదు. 1953లో తుంగభద్రలోను, 1967లో నాగార్జునసాగరములోను నీరు నిలిచినపుడు వాలుగలు, ఇతర జెల్లలు ఆ జలాశయములలో చేరి పల్లెకారుల వలలకు దొరకుచునే వచ్చినవి.

ఆ జలాశయములు మరియొక వలసకు కారణమయ్యెను. సముద్రతీరపు విశాఖ జిల్లానుండి పల్లెకార కుటుంబములు బయలుదేరి వచ్చి నాగార్జునసాగరము, శ్రీశైలము నీళ్ళ అంచున గుడిసెలు వేసికొని, పుట్టులలో వేటాడి బ్రతుకుచున్నవి. ఉప్పునీటి వల ఎరిగినవారు మంచినీటి మడుగు గుట్టును క్రొత్తగా నేర్చికొనిరి. మనము కంప్యూటరు కంపెనీలకును, బొమ్మసంద్ర కర్మాగారములకును వచ్చినట్లే వారును కూటికొరకు వచ్చినవారు. రస్సెల్‌కు వాలుగ పేరు చెప్పిన రేవులు ఆ విశాఖ తీరమునందే యుండెనని తలచినపుడు, ఆ పేరు వలె ఆ జనము కూడ దూరము పోయి బ్రతుకుచున్నదని నాకు తోచును.

ఇక వాలుగ నేటి స్థితి. ప్రకృతి రక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ప్రకటించు ఎర్రపట్టికలో ఈ చేప 2019 నాటి పరిశీలనలో ‘అపాయమునకు లోనైనది’ అను తరగతిలో చేర్చబడినది. మనకు దగ్గరనున్న కావేరిలో, జెర్డన్ 1849లో వర్ణించిన పెద్ద జెల్ల యొకటి, మేనిప్రక్క నల్లని చుక్కల వరుస గలది, అంతకంటె ఘోరముగా అంతరించు అంచున నున్నది. తల్లిచేపలను వానాకాలములో కొట్టుట, సన్నవలలు, ఇసుక తీయుట, కాలుష్యము: డే దొర నాడు చెప్పిన కారణములకు నేడు మరికొన్ని తోడైనవి.

మన చందాపుర సంగతియే చూడుడు. ఇక్కడి చెరువు కర్మాగారముల మురికితోను, ఇండ్ల మురికితోను పాడైపోగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో కర్ణాటక ప్రభుత్వము 500 కోట్ల రూపాయల పరిహారము కేటాయింపవలెనని ఆదేశించెను. ఆ మురికిలో మనందరి ఇండ్ల నీరు కూడ కలదని మరువరాదు. ఇట్టి నీటిలో కూడ బ్రతుకగల ఆఫ్రికా జెల్ల యొకటి మన దేశమునకు చేరినది. మన చేపలను తినివేయునని దాని పెంపకమును ప్రభుత్వము 2000లో నిషేధించినను, అది దొంగచాటుగా అంగళ్ళకు వచ్చుచునే యున్నది. వాలుగకును దానికిని భేదము తెలియని కొనుగోలుదారు ‘క్యాట్‌ఫిష్’ అని రెంటిని ఒక్కటిగానే కొనును. పేరు తెలియుట కేవలము భాషాభిమానము కాదు, సంసారపక్షమున కూడ అవసరము అని ఇందువలన తెలియుచున్నది.

అయితే ఆశ లేకపోలేదు. తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రములో మరబోట్ల వేటకు సెలవు పాటించుచున్నారు. శృంగేరికి పోయినవారు తుంగలో మెట్లవద్ద గుంపులుగా తిరుగు చేపలను చూచియుందురు. అక్కడ వాటినెవరును పట్టరు. రాజాజ్ఞ గాని, దైవభక్తి గాని, పెద్దల మాట గాని, ఏదో యొక కట్టుబాటు ఉన్నచోట చేప నిలుచును. మా తాత ఆషాఢములో ఒడ్డున కూర్చుండుటయు అట్టి కట్టుబాటే.

మనము నంది కొండల నీడలో బ్రతుకుచున్నాము. ఆ కొండలనుండియే ఉత్తర పినాకిని పుట్టి హిందూపురము, కడప, నెల్లూరు సీమలకు పోవుచున్నది. దక్షిణ పినాకిని పుట్టి హోసకోట, హోసూరుల మీదుగా తమిళదేశమునకు పోవుచున్నది. ఒక తల్లికి పుట్టిన ఇద్దరు అక్కచెల్లెండ్రు వేరు వేరు భాషల ఇండ్లకు కోడండ్రయినట్లు. వాళై, బాళె, వాలుగ అను మూడు మాటలును అట్టి అక్కచెల్లెండ్రే. ఆనాటి చేపల కొట్టు ముందు మూడు కుటుంబములవారము మూడు పేర్లతో ఒకే చేపను పిలుచుచుంటిమి. ఎవరును తప్పు చెప్పలేదు. తప్పినవాడు మా మనుమడొక్కడే. ఆ తప్పు వానిది కాదు, నాది.

కావున ఈ ఉగాదినాడు మన సంఘ కుటుంబములవారికి నా మనవి ఒక్కటే. పచ్చడిలో ఆరు రుచులను పిల్లలకు చెప్పునట్లే, మీమీ ఊళ్ళ యేటిలోని చేపల పేర్లు నాలుగు చెప్పుడు. పేరుతోపాటు అది ఏ నెలలో వచ్చును, ఏ నెలలో విడిచిపెట్టవలెను అనునది కూడ చెప్పుడు. పంచాంగ శ్రవణమనగా కాలమును వినుట గదా! పుస్తకము మోయలేకపోయిన దానిని మోయవలసినవారము మనమే.

మొన్న మా మనుమనికి ఈ కథ అంతయు చెప్పితిని. శ్రద్ధగా విని, “అయితే తాతయ్యా, మనం చూసిన వాలుగను ఏ నెలలో పట్టారు?” అని అడిగెను.

“పుష్యంలోరా.”

“అయితే ఫరవాలేదన్నమాట,” అనెను.

ఆ యొక్కమాటతో రేవులోని ముసలి పల్లెకారు చలిమంచులో తాడు లాగుచు నా కన్నులయెదుట నిలిచెను. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.